గల్ఫ్‌కి వెళ్లే ముందు ఈమైగ్రేట్ ఒకసారి చూడండి

మా ఊరి కుర్రాళ్లు నలుగురు దుబాయ్, కువైట్ అని తిరుగుతుంటే వాళ్ల కోసం ఈమైగ్రేట్ సైట్ కూర్చుని మొత్తం చూశాను. విదేశాలకి పనికెళ్లేవాళ్ల కోసం పెట్టిన సైట్ ఇది, విదేశాంగ శాఖది, ఫ్రీ. నాకు బాగా నచ్చింది ఏజెంట్ల లిస్టు, పేరు కొడితే లైసెన్స్ ఉందా లేదా, ఇంకా నడుస్తోందా, ఆఫీసు ఎక్కడ అన్నీ వచ్చేస్తాయి. ఊళ్లో బైక్ మీద తిరిగి పాస్‌పోర్టులు తీసుకునే సబ్ ఏజెంట్ పేరు అందులో ఉండదు, ఎందుకంటే వాడికి రిజిస్ట్రేషన్ ఉండదు, 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం అలా మనుషుల్ని పంపడం నేరమే.

లైసెన్స్ ఉన్నోడు కూడా 30,000 ప్లస్ జీఎస్టీ మించి ఫీజు తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ఇక్కడేమో లక్ష, లక్షన్నర, అదీ మూడు రూపాయల వడ్డీకి తెచ్చి చేతిలో పెడుతున్నారు, అమ్మ మెళ్లో పుస్తెలు కూడా తాకట్టే! నాకు కడుపు తరుక్కుపోతుంది.

పది పాసవ్వని వాళ్లకి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని వస్తుంది, అలాంటి వాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకి పనికెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, ఉండాలి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా, రెండేళ్లకి 275 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. విజిట్ వీసా మీద పోతే ఇవేవీ ఉండవు, అక్కడ జీతం ఎగ్గొట్టినా అడగడానికి చేతిలో కాంట్రాక్ట్ కాగితం ఉండదు.

ఒకటే ఇబ్బంది, చదువు రాని వాళ్లు సొంతంగా వాడలేరు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే పక్కన కూర్చుని చూపించండి ప్లీజ్. నా రేటింగ్ 4/5.