అరబీ నేర్చుకోవాలంటే ఏది మేలు: ఉర్దూ మీదుగానా, తెలుగులోంచి నేరుగానా?

జడ్చర్లలో మా మసీదులో ఇషా (రాత్రి నమాజు) తర్వాత అరబీ కోసం ఆరుగురం కూర్చుంటాం. మాలో నలుగురికి ఉర్దూ చదవడం రాదు. ఇంట్లో దక్కనీ, అంటే ఇక్కడి వాడుక ఉర్దూ, మాట్లాడతాం గానీ పదో తరగతి దాకా చదివింది తెలుగు మీడియమే. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మా వయసు వాళ్లు చాలామంది ఇలాగే పెరిగారు. అందుకే మొదటి రోజే ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. ముందు ఉర్దూ చదవడం నేర్చుకుని అక్కడి నుంచి అరబీకి వెళ్లాలా, తెలుగులో నోట్సు రాసుకుంటూ నేరుగా మొదలుపెట్టాలా?

నేర్చుకోవడానికి నాకున్న కారణం ఒక్కటే. ఐదు పూటల ఫర్జ్ (తప్పనిసరి) నమాజుల్లో కలిపి 17 రకాతులు, అంటే నమాజు ఆవృత్తులు. ప్రతి రకాతులోనూ ఖుర్ఆన్ మొదటి సూరా (అధ్యాయం) ఫాతిహా ఉంటుంది. రోజుకు అన్నిసార్లు అల్లాహ్ ముందు నిలబడి ఏమడుగుతున్నానో తెలియకుండానే ముప్పై ఏళ్లు గడిపాను. తర్జుమా (అనువాదం) చదివితే చాలదా అని మా అమ్మీ అడిగింది. చదివాను, మంచిదే. కానీ నమాజులో తర్జుమా చేతిలో ఉండదు. నమాజు చదివించే హజ్రత్ గొంతులో ఆయత్ (ఖుర్ఆన్ వాక్యం) వినబడుతుండగానే అర్థం కావాలి.

ఉర్దూ దారి బలం చిన్నది కాదు. లిపి చాలావరకు ముందే వచ్చేస్తుంది. సర్ఫ్, నహ్వ్ (అరబీ పదాల, వాక్యాల వ్యాకరణం) చెప్పే మన ఉస్తాదులు చాలామంది ఉర్దూలోనే చెబుతారు, పుస్తకాలూ అందులోనే దొరుకుతాయి. మక్తబ్‌లో (పిల్లల మతపాఠశాలలో) ఎలాగూ ఉర్దూ చదివే పిల్లలను ఈ దారి నుంచి తప్పించొద్దు. ఆలిం (మత పండితుడు) కావాలనుకునే కుర్రవాడు హైదరాబాద్ వెళ్లి 1876 నుంచి నడుస్తున్న జామియా నిజామియా లాంటి మదర్సాలో చేరాలనుకుంటే అతనికీ ఇదే సరైనది.

పగలంతా షాపులో నిలబడి వచ్చే నాలాంటి వాడి సంగతి వేరు. ముందు ఉర్దూకే ఏడాది పెట్టమంటే మధ్యలోనే ఆగిపోతాడు. మేం మొదటిసారి అలాగే ఆగిపోయాం. పైగా దక్కనీ అలవాట్లు కొన్ని అడ్డు తగులుతాయి. మనం కలాన్ని ‘ఖలం’ అంటాం. అరబీలో ఆ మొదటి అక్షరం కొండనాలుక దగ్గర ఆగి పలకాలి, గొంతు గీరుకునే ‘ఖ’ పూర్తిగా వేరే అక్షరం. కొన్ని మాటల అర్థాలూ మారిపోయాయి. ‘ఇస్లాం గరీబ్‌గా మొదలైంది’ అనే హదీసు (ప్రవక్త మాట) పేదరికం గురించి అని చాలాకాలం అనుకున్నాను. అరబీలో గరీబ్ అంటే పరాయివాడు.

తెలుగు ఇంత సాయపడుతుందని మాత్రం నేను అనుకోలేదు. తమిళనాడులోని వాణియంబాడికి చెందిన డాక్టర్ వి. అబ్దుర్ రహీమ్ అరబ్బులు కానివాళ్ల కోసం మూడు భాగాల పాఠ్యపుస్తకం రాశారు. మేం చదువుతున్నది అదే. మొదటి పాఠం ‘హాజా బైతున్’, అంటే ‘ఇది ఇల్లు’. ఉర్దూలో చివర ‘హై’ పెట్టాలి. అరబీలో అక్కర్లేదు, తెలుగులోనూ అక్కర్లేదు. ‘కతబ్తు’ అంటే ‘రాశాను’. ‘నేను’ అని విడిగా చెప్పకపోయినా క్రియ చివరే తెలిసిపోతుంది. బైతు, బైత, బైతి అని చివర మారుతుంటే, బడిలో విభక్తులు చదివినవాడు పెద్దగా కంగారు పడడు. హక్కు, హాజరు, జవాబు, ఆఖరు మన నోట ఉన్న అరబీ మాటలే. ‘మాజీ సర్పంచ్’లోని మాజీయే అరబీ వ్యాకరణంలో భూతకాలం పేరు.

ఫాతిహాలోని ‘ఇయ్యాక నఅబుదు’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘ఇయ్యాక’ (నిన్ను)ను క్రియకు ముందు పెట్టడంతో ‘నిన్ను మాత్రమే’ అనే బలం వస్తుంది. తెలుగులో ‘నిన్నే’ అంటే చాలు. ‘నఅబుదు’లో ఉన్నది బహువచనం. అల్లాహ్‌తోనే మాట్లాడుతున్నాం కాబట్టి తెలుగులో ‘మనం’ కుదరదు, ‘మేము’ అనాలి. ‘మేము నిన్నే ఆరాధిస్తున్నాం.’ ఆ రాత్రి ఇషా తర్వాత చదివే విత్ర్ నమాజులో ఆ మాట దగ్గర నా గొంతు పట్టేసింది.

ఒక్కచోట తెలుగును నమ్మొద్దు. సూరాలు తెలుగు లిపిలో చదవొద్దు. సే, సీన్, సాద్ అనే అరబీ అక్షరాలు మూడింటికీ మనకున్నది ఒక్క ‘స’. జాల్, జే, జాద్, జోయ్ అన్నీ ‘జ’ అయిపోతాయి. గుండెకూ కుక్కకూ అరబీలో తేడా ఒక్క మొదటి అక్షరమే. తెలుగులో రెంటినీ ‘కల్బ్’ అని రాస్తే ఏం చదువుతున్నట్టు? కాబట్టి ఖాయిదా (అక్షరాల పుస్తకం) పట్టుకుని హజ్రత్ ముందే కూర్చోవాలి. రోజుకు అరగంట చొప్పున మాకు మూడు నెలలు పట్టింది. ఫోన్లో వీడియోలు తర్వాత పనికొస్తాయి గానీ నా నాలుక ఎక్కడ తగులుతుందో ఫోన్ చూడలేదు. వీడియోలో ‘ఫత్‌హా’ అన్నది మన ‘జబర్’ (‘అ’ చప్పుడు గుర్తు) అని తెలియక మొదట్లో టెన్షన్ పడ్డాను.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల దగ్గర నేర్చుకోవచ్చా అంటే, అక్కడికి పనికి వెళ్లేవాళ్లకు అది మంచిదే. కానీ అక్కడ ‘ఎలా ఉన్నావ్’ అనడానికి ‘శ్లోనక్’ అంటారు, కితాబీ (పుస్తకాల) అరబీలో ‘కైఫ హాలుక’. ఖుర్ఆన్ కోసం ఆ దారి పట్టొద్దు.

తెలుగు మీడియం చదివి వయసు మీదపడ్డ వాళ్లకు నేను చెప్పేది ఇదే: అక్షరాలు హజ్రత్ దగ్గర, అర్థం తెలుగులో, ఉర్దూ తర్వాత తీరిక దొరికితే. మా ఆరుగురిలో ఉర్దూ వచ్చిన ఇద్దరూ మాతోనే కూర్చుంటున్నారు. వాళ్ల ముందు ఉర్దూ నోట్సు, మా ముందు తెలుగు నోట్సు, మధ్యలో ఒకే పుస్తకం.