ఫ్యాన్లా, ఏసీయా, సోలారా? ముందు మే నెల బిల్లు తీయండి

మార్చి వచ్చిందంటే చాలు, మా వీధిలో నన్ను ఆపి అందరూ అడిగేది ఒకటే. "ఏటి మాస్టారూ, ఏసీ త్రీ స్టార్ తీసుకోమంటారా, ఫైవ్ స్టారా?" స్టార్లు ఎక్కువుంటే కరెంటు తక్కువ కాలుతుందని లెక్క. నేను ఎలక్ట్రీషియన్ని కాను, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పోయిన వేసవికి ముందు మా ఇంట్లోనే ఈ చర్చ తెగక, రెండు నెలల పాటు రోజూ పొద్దున్నే మీటరు రీడింగ్ నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ సంగతి మా ఆవిడ నలుగురికీ చెప్పేసింది. అప్పటి నుంచి ఈ సలహాదారు ఉద్యోగం కూడా నా మెడకే పడింది.

మాది విజయనగరంలో గంటస్తంభానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక సందు. ఇళ్ళు గోడకు గోడ ఆనించి ఉంటాయి. పదేళ్ళ కిందట ఆ సందు మొత్తానికి రెండు ఏసీలు ఉండేవి. పోయిన మేలో మేడ మీద నిలబడి లెక్కపెడితే బయట బిగించిన ఏసీ పెట్టెలు పదిహేడు కనిపించాయి. అన్నీ సందులోకే వేడి ఊదుతాయి. రాత్రి పది దాటాక అన్నీ ఒకేసారి మొదలవుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతుంది, అందరం మేడలెక్కి ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటాం. ఏసీ లేనివాడికి కూడా పక్కవాడి ఏసీ వేడి తగులుతోంది కాబట్టి వాడూ కొంటున్నాడు.

ఏది మేలు అని అడిగిన వాళ్ళందరికీ నేను ముందు చెప్పేది ఒక్కటే. షాపుకు వెళ్ళే ముందు పోయిన మే నెల బిల్లు, పోయిన నవంబరు బిల్లు తీసి పక్కపక్కన పెట్టండి. ఎన్ని యూనిట్లు కాల్చారో చూడండి. ఎందుకంటే మన దగ్గర యూనిట్ ధర ఒకటి కాదు. 2022లో మార్చిన శ్లాబుల (వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే మెట్ల) ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. వాటిని వదిలేసి కరెంటు ఖరీదు మటుకే చూస్తే 225 యూనిట్లకు 1,017 రూపాయలు, 400 యూనిట్లకు 2,548. యూనిట్లు రెట్టింపు కూడా కాలేదు, డబ్బు రెండున్నర రెట్లయింది.

తగ్గించేటప్పుడు ఇదే మెట్లు మనకు పనికొస్తాయి. నెలకు 65 యూనిట్లు మిగిలాయనుకోండి. అవి 8.75 మెట్టు మీద నుంచి తగ్గితే 569 రూపాయలు మిగులుతాయి. 6 రూపాయల మెట్టు మీదైతే 390. ఒంటరిగా ఉంటూ నెలకు అరవై డెబ్బై యూనిట్లు కాల్చే పెద్దావిడకు ఆ మొత్తం 65 యూనిట్ల ఖరీదే 162 రూపాయలు. ఆవిడకు ఫైవ్ స్టార్ గురించి చెప్పడం దండగ. స్టార్లు, కంపెనీ, కాపర్ కాయిల్ అన్నీ దీని తర్వాతే.

మా ఇంటి సంగతి చెప్తాను. ఏసీ లేనప్పుడు నెలకు 200 యూనిట్లు. పిల్లల గదికి ఒకటిన్నర టన్నుల ఏసీ కొనాలని అనుకున్నాం. త్రీ స్టార్‌కూ ఫైవ్ స్టార్‌కూ తేడా తొమ్మిది వేలు చెప్పారు. షాపు కుర్రాడు స్టిక్కరు మీద వేలు పెట్టి "చూడండి సార్, ఏడాదికి రెండొందల యూనిట్లు ఆదా" అన్నాడు. అబద్ధం కాదు. కానీ ఆ స్టిక్కరు మీద అంకె ఏడాదికి 1,600 గంటలు వాడతారని వేసిన లెక్క. మేం వాడేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, రాత్రి ఎనిమిది గంటలు. తొంభై రాత్రులకు 720 గంటలు. కుర్రాడు చెప్పిన ఆదాలో సగం కూడా మాకు రాదు.

రాత్రికి త్రీ స్టార్ సుమారు 5 యూనిట్లు, ఫైవ్ స్టార్ 4. నెలకు 150, 120. మా 200కు కలిపితే 350, 320. రెండూ 8.75 మెట్టు మీదే ఉన్నాయి కాబట్టి నెలకు తేడా 262 రూపాయలు, మూడు నెలలకు 787. తొమ్మిది వేలు తిరిగి రావడానికి పదకొండేళ్ళు పైనే. ఈలోగా గ్యాస్ లీకు ఒకటి రెండుసార్లు వస్తుందనేది నా అనుభవం. మేం త్రీ స్టారే తెచ్చుకున్నాం. అదే మెడికల్ షాపు, బ్యూటీ పార్లర్, రోజంతా కంప్యూటర్ ముందు ఇంటి నుంచి పని చేసేవాళ్ళు అయితే లెక్క తిరగబడుతుంది. వాళ్ళకు 1,600 గంటలు దాటిపోతాయి, కళ్ళు మూసుకుని ఫైవ్ స్టార్ తీసుకోవచ్చు. 2020 నుంచి వచ్చే ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీలు చూపిస్తాయి, దాన్ని అక్కడే వదిలెయ్యండి. డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందంటారు. మా వాడు 18 పెట్టి దుప్పటి కప్పుకునేవాడు, రిమోట్ ఇప్పుడు మా దిండు కింద ఉంటోంది.

మిగిలిన తొమ్మిది వేలకు ఇంకో మూడు వేలు కలిపి నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (బ్రష్‌లు లేని మోటారుతో తక్కువ కరెంటు లాగేవి) కొన్నాను. షాపులో కూడా నన్ను వింతగానే చూశారు. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, ఇది ఫుల్ స్పీడులో 30. ఒక్కో ఫ్యానుకు 45 వాట్ల తేడా అంటే వినడానికి ఏమీ లేదు. కానీ మన ఊళ్ళో ఫ్యాను ఎన్ని గంటలు తిరుగుతుందో చూడండి. ఎండ తగ్గినా ఉక్క తగ్గదు. జూలైలో వాన పడుతున్నా ఫ్యాను కావాలి, దసరా తర్వాత వచ్చే సిరిమాను పండగ నాడు కూడా ఫ్యాను కింద కూర్చునే భోజనం చేస్తాం. ఆపేది డిసెంబరు, జనవరిలోనే, అదీ తెల్లవారుజామున. నాలుగు ఫ్యాన్లు తలా పన్నెండు గంటల చొప్పున రోజుకు 48 గంటలు, తేడా 2.16 యూనిట్లు, నెలకు 65. ఏసీ నడిచే మూడు నెలలూ అవి 8.75 మెట్టు నుంచి తగ్గుతాయి, మిగతా ఆరేడు నెలలు 6 మెట్టు నుంచి. ఏడాదికి నాలుగు వేల చిల్లర. పన్నెండు వేలు మూడేళ్ళలో వచ్చేస్తాయి.

శ్రీకాకుళం జిల్లా వాళ్ళకు ఇది కొత్త పాఠం కాదు. 2014 ప్రాంతంలో పాత బల్బులు తీసుకుని 10 రూపాయలకు ఎల్ఈడీ ఇచ్చినప్పుడు, అరవై వాట్ల బల్బు పోయి ఏడు వాట్లది వస్తే బిల్లు ఏమైందో అందరం చూశాం. బల్బు అయిపోయింది, ఇప్పుడు ఫ్యాను వంతు.

లోపాలు లేవని అనను. పాత ఫ్యాను ఆగితే మూల మీద కుర్రాడు కెపాసిటర్ మార్చి వంద తీసుకుని పోతాడు. బీఎల్‌డీసీకి లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, పోతే వాడి చేతిలో పని కాదు. మా హాల్లో ఫ్యాను ఎనిమిదో నెలలో ఆగింది. వారంటీలోనే ఉంది, అయినా బోర్డు రావడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ అటక మీద నుంచి దించిన పాత ఫ్యానే గతి. అందుకని పాతవి అప్పుడే అమ్మేయకండి, ఒకటైనా ఉంచుకోండి. ఇంకో మాట, గోడకున్న పాత రెగ్యులేటర్ తీయించేసి డైరెక్టుగా కలిపించుకోండి, వీటి స్పీడు రిమోట్‌తోనే మారాలి.

కూలర్ గురించి కూడా అడుగుతారు. నాలుగేళ్ళ కిందట నేనూ కొన్నాను. కూలర్ నీళ్ళను ఆవిరి చేసి చల్లబరుస్తుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆ నీరు ఎక్కడికి పోతుంది? రాయలసీమలో, నాగపూర్‌లో బ్రహ్మాండంగా పని చేసేది మనకు సముద్రం గాలి మళ్ళగానే చతికిలపడుతుంది. పడమటి నుంచి వడగాలి కొట్టే నాలుగు రోజులు బాగుంది. ఆ తర్వాత గదిలో పక్క బట్టలు జిడ్డుగా, అప్పడాలు మెత్తగా, బీరువా ప్లైవుడ్ తలుపు ఉబ్బి మూసుకోకుండా అయిపోయింది. ఇప్పుడు ఆ కూలర్ మెట్ల కింద ఉంది, అందులో ఉల్లిపాయలు పోసుకుంటున్నాం. గాలి బాగా ఆడుతుంది, పాడవడం లేదు.

ఇక సోలార్. దీని మీద మా చెల్లికీ నాకూ పెద్ద వాదనే జరిగింది. వాళ్ళది శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దాటాక సొంత ఇల్లు. అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలు, రెండు ఏసీలు, అందరికీ కలిపి ఒకే మీటరు. నెలకు 500 యూనిట్లకు తగ్గదు, ఖరీదు 3,523. 3 కిలోవాట్ల సోలార్ పలకలకు రెండు లక్షలకు అటూ ఇటూ చెప్పారు. 2024లో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్య ఘర్ కింద 78 వేలు సబ్సిడీ పోగా లక్షా ఇరవై వేలు పడింది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన నెలకు 360 వస్తాయి. పగలు మిగిలింది గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైనుకు పోతుంది, రాత్రి ఏసీలకు వాడింది నెట్ మీటర్‌లో చెల్లవుతుంది. చేతికొచ్చే బిల్లు 140 యూనిట్లకు, అంటే 507 రూపాయలు. నెలకు మూడు వేలు మిగులు, మూడున్నరేళ్ళలో పెట్టుబడి వెనక్కి. "చూశావా అన్నియ్యా, నీ ఫ్యాన్లు ఏ మూలకి?" అంది. వాళ్ళ ఇంటి మట్టుకు ఆ మాట నిజమే. పైన 9.75, 8.75 మెట్లు రెండూ ఒక్క దెబ్బతో ఎగిరిపోయాయి.

మా ఇంటికి 2 కిలోవాట్లకు అడిగించాను. సబ్సిడీ 60 వేలు పోగా డెబ్బై వేలు చెప్పారు. ఫ్యాన్లు మార్చక ముందు లెక్క వేస్తే ఐదున్నరేళ్ళలో వచ్చేది, తీసిపారేసేది కాదు. ఫ్యాన్లు మార్చాక మా బిల్లే చిన్నదైంది కాబట్టి ఎనిమిదేళ్ళకు పోయింది. అయినా నన్ను ఆపింది డబ్బు కాదు, నీడ. తూర్పు వైపు పక్కింటాయన మూడో అంతస్తు లేపారు. పొద్దున్న పదకొండు దాకా మా మేడ సగం ఆయన గోడ నీడలోనే ఉంటుంది. పలకల్లో ఒకదాని మీద నీడ పడ్డా మొత్తం వరస దెబ్బ తింటుందని బిగించేవాళ్ళే చెప్పారు. మా విజయనగరంలో కోట చుట్టూ, దాసన్నపేట, కొత్తపేట లాంటి ఇరుకు వీధుల్లో ఉన్నవాళ్ళు కొటేషన్ తీసుకునే ముందు ఒక ఆదివారం మేడ మీద తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి నీడ ఎక్కడుందో సుద్దముక్కతో గీసుకోండి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల ఎండ కావాలి. వాటర్ ట్యాంకు, బట్టల తీగలు, పక్కింటి గోడ పోగా మీకు మిగిలేది ఎంతో అప్పుడు తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ వాళ్ళకైతే ఎండ కంటే ముందు పై కప్పు ఎవరిదనే పంచాయతీ తేలాలి. అద్దెకున్నవాళ్ళు ఇల్లు మారేటప్పుడు ఫ్యాన్లు ఊడదీసి పట్టుకుపోవచ్చు, పలకలు పట్టుకుపోలేరు.

సోలార్ పెట్టించుకుంటే కరెంటు పోయినా ఇంట్లో లైట్లు వెలుగుతాయని చాలామంది అనుకుంటున్నారు. మామూలుగా పెట్టే ఆన్ గ్రిడ్ సోలార్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, లైను మీద పనిచేసేవాళ్ళకు షాక్ కొట్టకుండా అలా చేస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పలాస వైపు రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్ళకు ఇది ముందే తెలియాలి. బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ వేరే ఉండాల్సిందే. అక్కడా ఫ్యాన్ల మాటే నిలబడింది. నాలుగు పాత ఫ్యాన్లు 300 వాట్లు లాగేవి, ఇప్పుడు 120. అదే బ్యాటరీ మీద రాత్రి రెండింటికి ఆగిపోయే గాలి తెల్లారేదాకా వస్తోంది.

ఇంకా అడిగేవాటికి ఒక్కో మాట. మేడ మీద తెల్ల పెయింటు, లేదా సున్నం: పై అంతస్తు వాళ్ళకు మంచిదే, చవక, ఏటా వేసుకోవాలి. చక్రాలున్న పోర్టబుల్ ఏసీ: చప్పుడు ఎక్కువ, చల్లదనం తక్కువ, వద్దు. టవర్ ఫ్యాను: చూడ్డానికి బాగుంటుంది.

కాబట్టి ఎండాకాలంలో 225 దాటుతూ మిగతా నెలల్లో దానికి లోపు ఉండే మా లాంటి ఇళ్ళకు నేను ముందు ఫ్యాన్లు, తర్వాత త్రీ స్టార్ ఏసీ అంటాను. ఏడాదంతా 400 దాటేవాళ్ళు, నీడ లేని సొంత మేడ ఉంటే, నేరుగా సోలార్‌కు వెళ్ళండి. మా ఇంట్లో ఐదో ఫ్యాను మాత్రం వంటింట్లో ఇంకా పాతదే తిరుగుతోంది. మారుస్తానంటే మా ఆవిడ నా నోటుబుక్కే తీసి చూపించింది. రోజుకు గంట తిరిగేదానికి మూడు వేలు ఏ లెక్కన పెడతారని అడిగింది.