చిన్న కంపెనీల క్రోనోగ్రాఫ్: కీ ఇచ్చే సీగల్ మేలా, ఆటోమేటిక్ 7750 మేలా?

చిత్తూరులో ఉండే మా బామ్మర్ది పోయిన నెల ఫోన్ చేసి, "బావా, రెండు వాచీలు చూసి పెట్టుకున్నా, రెండూ చిన్న కంపెనీలవే, రెండిట్లోనూ స్టాప్‌వాచీ ఉంది, ఒకటేమో అరవై వేలు, ఇంకోటి రెండు లక్షలు, ఏది తీసుకోమంటావ్?" అన్నాడు. అరవై వేలకీ రెండు లక్షలకీ మధ్య ఊగుతున్నవాడికి ముందు చెప్పాల్సింది వాచీ గురించి కాదు, కానీ ఆ పని వాళ్లావిడ చూసుకుంటుంది కాబట్టి నేను వాచీకే వస్తా.

ఇంగ్లండులోనో ఫ్రాన్సులోనో నలుగురైదుగురు కలిసి నడిపే ఈ కంపెనీలు డయల్ గీస్తాయి, కేసు చేయిస్తాయి, ముల్లు రంగు దగ్గర నెలల తరబడి తల పట్టుకుంటాయి. లోపలి మిషను మాత్రం దాదాపు అందరూ బయటే కొంటారు, ఎందుకంటే క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీ) మిషను సొంతంగా తయారుచేయడం చాలా పెద్ద కంపెనీలకే తలకు మించిన పని. అందుకే నేను పోల్చేది బ్రాండ్లని కాదు, మిషన్లని.

అరవై వేల దాంట్లో ఉండేది చైనా సీగల్ ఎస్‌టీ19. ఫ్రాన్స్ వాళ్ల బాల్టిక్ బైకాంపాక్స్‌లోనూ, పుచ్చకాయ రంగు డయల్‌తో పేరు తెచ్చుకున్న ఇంగ్లండు స్టూడియో అండర్‌డాగ్‌లోనూ ఇదే. 1960ల మొదట్లో చైనా తమ వాయుసేన పైలట్లకి వాచీలు కావాలనుకున్నప్పుడు తియాన్‌జిన్ ఫ్యాక్టరీవాళ్లు స్విట్జర్లాండ్ వీనస్ కంపెనీ నుంచి 175 అనే మిషను తయారీ సామాను కొనుక్కుని మొదలుపెట్టారు, ఇప్పటి ఎస్‌టీ19 దాని సంతతే. రోజూ కీ ఇవ్వాలి. నిండా ఇస్తే 40 గంటల పైచిలుకు నడుస్తుంది. వెనక అద్దంలోంచి చూస్తే బటన్ నొక్కినప్పుడల్లా కాలమ్ వీల్ అనే చిన్న గోపురం లాంటి చక్రం ఒక్క మెట్టు తిరగడం, దాని వెనకే మీటలు పైకీ కిందికీ కదలడం కనిపిస్తుంది. పాతకాలం స్విస్ వాచీల్లో ఉండే ఏర్పాటు ఈ ధరకి దొరకడం అరుదు. నా దగ్గర ఉన్నది ఇలాంటిదే, పొద్దున కాఫీ తాగుతూ కీ ఇవ్వడం నాకు అలవాటైపోయింది.

మరి తంటా లేదా అంటే ఉంది. నాది వచ్చిన మొదటి రోజే రీసెట్ నొక్కితే పొడవాటి ముల్లు 12 దగ్గరికి రాకుండా రెండు గీతల ముందే ఆగిపోయింది. ఇక్కడ తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు ఒక పాత రిపేరు మనిషికి చూపిస్తే కంటికి భూతద్దం పెట్టుకుని రెండు నిమిషాలు చూసి, "ముల్లు ఇరుసు మీద జారింది సామీ, సరిగ్గా కూర్చోపెడితే సరిపోతుంది, కానీ ఈ మిషను నేను ఇప్పేది లేదు" అన్నాడు. జీవితమంతా హెచ్ఎంటీలు బాగుచేసిన మనిషి అట్లా అంటే ఇక బలవంతం చేయలేం కదా. కంపెనీకి తిరిగి పంపి తెప్పించుకోవడానికి ఐదు వారాలు పట్టింది.

రెండు లక్షల దాంట్లో ఉండేది 7750 అనే మిషను కుటుంబం. ఎడ్మండ్ కాప్ట్ అనే ఆయన 1970ల మొదట్లో వాల్జూ కంపెనీ కోసం రూపొందించాడు, క్వార్ట్జ్ (బ్యాటరీ) వాచీల దెబ్బకి కొన్నాళ్లు మూలనపడినా తర్వాత లేచి కూర్చుంది. ఇప్పుడు చిన్న కంపెనీలు ఎక్కువగా దాని నకలైన సెల్లిటా ఎస్‌డబ్ల్యూ500 వాడుతున్నాయి. ఇందులో కాలమ్ వీల్ లేదు, ఆ పనికి క్యామ్ అనే చదునైన బిళ్ల ఉంటుంది, అంటే చూడటానికి అంత అందం లేదు, బటన్ కూడా కాస్త గట్టిగా నొక్కాలి, కానీ మొండి మిషను. ఇది ఆటోమేటిక్, అంటే చెయ్యి కదిలినప్పుడు లోపల రోటర్ అనే బరువు తిరిగి కీ ఎక్కుతుంది. ఆ రోటర్ ఒక వైపు తిరిగినప్పుడే కీ ఎక్కిస్తుంది, రెండో వైపు ఊరికే గిర్రున తిరుగుతుంది కాబట్టి చెయ్యి విదిల్చితే లోపల ఏదో బొంగరం తిరుగుతున్నట్టు మణికట్టుకి తెలుస్తుంది. కొందరికి అదే సరదా, నాకు మాత్రం చిరాకు. మందం కూడా ఎక్కువ, మిషనే దాదాపు 8 మి.మీ., సీగల్‌ది 6 లోపే. ఫుల్ చేతుల చొక్కా వేసేవాళ్లకి ఆ తేడా రోజూ తెలుస్తుంది.

అసలు తేడా నాకు కొండ ఎక్కేటప్పుడు తెలిసింది. అలిపిరి దారిలో 3550 మెట్లు, పాదాల మండపం దగ్గర స్టార్ట్ నొక్కి బయల్దేరాను. నా వాచీలో నిమిషాల చిన్న ముల్లు 30 దాకే లెక్కపెడుతుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. గాలిగోపురం చేరేసరికి అది ఎన్ని చుట్లు తిరిగిందో నాకే గుర్తులేదు, పక్కనున్న మా ఫ్రెండ్ మాత్రం తన 7750 చూసుకుని గంటా పన్నెండు నిమిషాలు అని టక్కున చెప్పేశాడు. దాంట్లో 12 గంటల దాకా లెక్కపెట్టే ఇంకో చిన్న డయల్ ఉంటుంది. సెల్‌ఫోన్ కౌంటర్లో ఇచ్చేసి క్యూ కాంప్లెక్స్‌లో కూర్చున్నప్పుడు కూడా అదే పనికొచ్చింది (సెలవుల్లో వెళ్తే ఆ 12 గంటలూ చాలవేమో). కానీ ఒకటి చూసుకోండి, డయల్ అందంగా కనిపించాలని కొన్ని చిన్న కంపెనీలు ఇదే మిషను పెట్టి కూడా ఆ గంటల డయల్ తీసేస్తున్నాయి. ఫోటోలో రెండే చిన్న డయల్స్ ఉంటే అడగండి.

చెమట, నీళ్ల విషయంలో రెండిటికీ జాగ్రత్త ఒకటే. వెనక 50 మీటర్లు అని రాసి ఉందని నీళ్లలో బటన్లు నొక్కొద్దు. అట్లాగే స్టాప్ నొక్కకుండా రీసెట్ నొక్కొద్దు, ఫ్లైబ్యాక్ (నడుస్తుండగానే రీసెట్ చేయగల రకం) అని రాసి ఉంటే తప్ప.

ఇక సీకో వీకే64 లాంటి మెకాక్వార్ట్జ్ ఉంది కదా అంటారు కొందరు. బ్యాటరీతో నడుస్తుంది, రీసెట్ మాత్రం మెకానికల్ వాచీలా టక్కున పడుతుంది, ధర కూడా చాలా తక్కువ. మంచిదే, కాకపోతే కీ ఇచ్చే వాచీ మీద మనసుపడ్డవాడికి అది చూపిస్తే పెళ్లికి పిలిచి ఫలహారం పెట్టి పంపినట్టు ఉంటుంది.

సర్వీసింగ్ దగ్గర 7750దే పైచేయి. యాభై ఏళ్లుగా ఎన్నో బ్రాండ్లు వాడిన మిషను కాబట్టి చెన్నైలోనో బెంగళూరులోనో ఇప్పి చూసినవాళ్లు దొరుకుతారు, విడిభాగాలూ దొరుకుతాయి. సీగల్ అయితే పూర్తిగా పాడైనప్పుడు మిషను మొత్తం మార్చేయడమే చవక.

నా మాట అడిగితే నాకు మళ్లీ సీగలే. ఐదు వారాలు ఏడిపించినా సరే. మా బామ్మర్దికి మాత్రం గంటల డయల్ ఉన్న 7750 తీసుకోమన్నాను, ఫోన్‌కి చార్జింగ్ పెట్టడమే గుర్తుండనివాడు రోజూ వాచీకి కీ ఏమిస్తాడు? చెప్పి ఊరుకోక, బయటి దేశం నుంచి తెప్పిస్తే దాని మీద కస్టమ్స్ డ్యూటీ, ఐజీఎస్టీ ఎంత పడుతుందో లెక్కేసి వాట్సాప్‌లో పెట్టాను. రెండ్రోజుల నుంచి ఫోన్ ఎత్తడం లేదు.