సీట్లు నేలలో, స్టెప్నీ పొట్ట కింద: టౌన్ అండ్ కంట్రీతో పదకొండేళ్ళు

ఇంజను బలమెంత, గాలనుకు ఎన్ని మైళ్ళు వస్తుంది వంటివి రాయను. 2012 నాటి బండికి ఆ లెక్కలతో ఇప్పుడు ఎవరికీ పని లేదు, కావాలన్నవారికి ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాయబోయేది ఈ వ్యాను నేల గురించి. అవును, నేల గురించే. ఇంట్లో ఉన్న యంత్రాలన్నింటిలోకీ నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది అదే.

డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటాం. 2013 చలికాలంలో, ఏడాది వాడిన క్రైస్లర్ టౌన్ అండ్ కంట్రీ కొన్నాను. పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు మూడు, విజయవాడ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. అందరూ ఒకే బండిలో పట్టాలి, అంతే. నిజం చెప్పాలంటే మినీవ్యాను కొనడం నాకు అప్పట్లో చిన్నతనంగా అనిపించింది. అమ్మిన దుకాణంలోని కుర్రవాడు మధ్య తలుపు జరిపి, ఒక మీట లాగి చూపించేవరకు.

మధ్య వరస సీటు మాయమైంది. ఊడదీయలేదు, మోయలేదు. ముందు సీటును కాస్త ముందుకు జరిపితే, వెనకవారు కాళ్ళు పెట్టుకునే చోట కార్పెట్టు కప్పిన మూత ఒకటి కనిపిస్తుంది. గడియ తీసి ఎత్తితే కింద తొట్టి. మీట లాగితే సీటు వీపు వాలుతుంది, తల ఆనించే దిండు దానంతట అదే ముడుచుకుంటుంది, సీటంతా పల్టీ కొట్టి తొట్టిలో పడుకుంటుంది. మూత వేసేస్తే అక్కడ సీటు ఉండేదన్న ఆనవాలే ఉండదు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు స్టో ఎన్ గో. మా పక్కింటివారి వ్యానులో ఇదే పనికి సీట్లు ఊడదీసి, ఇద్దరు పట్టుకుని గరాజులో పెట్టాలి. మళ్ళీ బిగించేటప్పుడు ఆ ఇంట్లో మాటలు పెరగడం గోడ ఇవతలికి వినిపించేది.

సీట్లు లేచి ఉన్నప్పుడు ఆ తొట్లు ఖాళీగా ఉంటాయి. బియ్యం బస్తా, పిల్లల బూట్లు, కొబ్బరికాయలు, ఏదైనా వేసి మూత పెట్టుకోవచ్చు. నోవైలోని వేంకటేశ్వర స్వామి గుడికి వెళ్ళినప్పుడల్లా పులిహోర గిన్నె ఒలకకుండా కూర్చునే చోటు అదే. ఈ తొట్టి సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

నేను ఎదురుచూడని ఆనందం వెనక వరసలో దొరికింది. దాన్ని ముందుకే కాదు, వెనక్కి కూడా తిప్పవచ్చు. డిక్కీ తలుపు పైకెత్తి, సీటును బయటికి ముఖం పెట్టి నిలబెడితే ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు. ఫుట్‌బాల్ మైదానాల బయట బండ్లు ఆపుకుని తింటూ తాగుతూ గడిపే అమెరికన్ అలవాటు కోసం చేసిన ఏర్పాటు అది. మా నాన్న దాన్ని ఒక్క చూపులో అర్థం చేసుకున్నారు. పాప పార్కులో ఆడుకుంటుంటే, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుని, "ఒరేయ్, నువ్వు కొన్నది బండి కాదురా, అరుగు!" అన్నారు. అమెరికాలో ఆరు నెలలు ఉండి ఆయన మెచ్చుకున్న వస్తువులు రెండే. ఒకటి గ్రంథాలయం, రెండోది ఈ అరుగు. ఎండాకాలం సాయంత్రాలు దారిన పోయేవాళ్ళందరూ పలకరించి వెళ్ళేవారు. ఇంగ్లీషు అంతగా రాని మనిషికి మా వీధిలో నాకంటే ఎక్కువమంది స్నేహితులయ్యారు.

ఆ అరుగు మీదే ఒకరోజు, "ఈ క్రైస్లర్ వాళ్ళెవరు? ఎప్పుడూ వినలేదే" అన్నారు నాన్న. డాడ్జి వాళ్ళదేనని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే ఫార్గో కూడా వీళ్ళదేనా?" వీళ్ళదే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ క్రైస్లర్‌తో ఒప్పందం చేసుకుని డాడ్జి, ఫార్గో లారీలు తయారు చేసేది. మా తాత చిన్నప్పుడు ఫార్గో లారీ మీద క్లీనరుగా తిరిగారని, ఆ ఇంజను చప్పుడును బట్టి ఏ లారీ వస్తున్నదో ఇంట్లోంచే చెప్పేవారని నాన్న అప్పుడు చెప్పారు. నలభై ఏళ్ళు వచ్చాక నాకు తెలిసిన సంగతి అది. తాత క్లీనరుగా తిరిగిన లారీ, మనవడు అప్పు చేసి కొన్న వ్యాను, రెండింటికీ మూలం ఒకే కంపెనీ.

ఆ తర్వాత నాన్న కోసమే ఈ కంపెనీ కథ చదవడం మొదలుపెట్టాను. వాల్టర్ క్రైస్లర్ కాన్సస్‌లో పెరిగిన రైల్వే వర్క్‌షాపు మెకానిక్కు. 1908లో షికాగోలో కార్ల ప్రదర్శన చూసి మనసు పారేసుకుని, చేతిలో ఉన్న 700 డాలర్లకు 4,300 అప్పు కలిపి లోకోమొబైల్ అనే కారు కొన్నాడు. నడపలేదు. ఇంటికి తెచ్చి ముక్క ముక్కగా ఊడదీసి, మళ్ళీ బిగించి, మళ్ళీ ఊడదీశాడు. నెలల తరబడి అదే పని. ఆయన భార్య ఏమందో నాకు తెలియదు గాని, మా ఆవిడైతే ఏమనేదో తెలుసు. అదే మనిషి 1925లో కంపెనీ పెట్టాడు, 1928లో డాడ్జిని కొన్నాడు, ఆ ఏడాదే ప్లిమత్, డిసోటో అని రెండు కొత్త పేర్లు తెచ్చాడు. న్యూయార్కులో 1930లో లేచిన 77 అంతస్తుల క్రైస్లర్ భవనం కంపెనీ డబ్బుతో కట్టినది కాదు, ఆయన సొంత డబ్బుతో కట్టినది.

మినీవ్యాను పుట్టింది మాత్రం కంపెనీ మునిగిపోతున్న రోజులలో. ఇలాంటి బండి చేయాలని హాల్ స్పెర్లిచ్ అనే ఇంజనీరు ఫోర్డులో ఉన్నప్పుడే పట్టుబట్టాడు, అక్కడ సాగలేదు. తర్వాత ఆయనా, ఫోర్డు అధ్యక్షుడిగా ఉన్న లీ అయకోకా కూడా ఫోర్డు నుంచి ఉద్వాసన పొంది క్రైస్లర్‌కు చేరారు. 150 కోట్ల డాలర్ల అప్పుకు ప్రభుత్వం హామీ పడితే తప్ప జీతాలు ఇవ్వలేని స్థితి. ఆ డబ్బుతో చిన్న కార్లు చేసి ఊపిరి పీల్చుకున్నారు. 1983లో, గడువుకు ఏడేళ్ళ ముందే అప్పు తీర్చేశారు. అదే ఏడాది నవంబరు 2న విండ్సర్ కర్మాగారం నుంచి మొదటి మినీవ్యాను బయటికి వచ్చింది. మామూలు ఇంటి గరాజులో పట్టాలి, లోపలి నేల చదునుగా ఉండాలి, అమ్మలు ఇబ్బంది లేకుండా ఎక్కి దిగగలగాలి. వాళ్ళు పెట్టుకున్న షరతులు అవి. చదును నేల అనే మాట అప్పుడే పడింది. ఆ నేలలోకి సీట్లను పంపడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది, 2005 మోడలు దాకా.

విండ్సర్ కెనడాలో ఉంది. డెట్రాయిట్ నది ఒడ్డున నిలబడి దక్షిణానికి చూస్తే కనిపించేది కెనడాయే, కొత్తగా వచ్చిన ప్రతి చుట్టానికీ నేను ఈ వింత చూపిస్తాను. నా బండి కూడా అక్కడిదే. ఛాసిస్ నంబరు 2తో మొదలవుతుంది, అంటే కెనడాలో తయారీ. అమెరికన్ బండి కొన్నానని నేను ఛాతీ విరుచుకుంటుంటే, ఇండియానాలో తయారైన టయోటా వ్యాను నడిపే మా స్నేహితుడు నవ్వేవాడు.

ఇక మా బండి ఆగిపోయిన సంగతి. పదకొండేళ్ళలో రోడ్డు మీద ఆగింది ఒక్కసారే, అదీ దాని తప్పు కాదు.

2022 ఆగస్టులో పాపను కొలంబస్‌లో కాలేజీలో దింపడానికి బయలుదేరాం. నేను, పాప. మూడు సీట్లు నేలలో, ఒక్క పాప సీటు మాత్రం పైకి. మిగిలిన చోటంతా పరుపు, చిన్న ఫ్రిజ్, పుస్తకాలు, కుక్కరు, ఆరు నెలలకు సరిపడా పొడులు. టొలీడో దాటి ఫిండ్లే చేరబోతుండగా వెనక చక్రంలో మేకు దిగింది. పక్కకు తీసి ఆపాను. స్టెప్నీ మార్చడం నాకు కొత్త కాదు, విజయవాడలో పెరిగినవాడిని. ధీమాగా డిక్కీ తెరిచాను.

స్టెప్నీ లేదు. డిక్కీ నేల కింద ఉంటుందనుకున్నాను, అక్కడ ఉన్నది వెనక సీటు. పరుపు దించాం, ఫ్రిజ్ దించాం. గడ్డి మీద పాప సంసారమంతా పరిచాం. మధ్య తొట్టి మూత తెరిచాను, అందులోనూ సీటే. బండి వెనక పడుకుని కిందికి చూశాను, అక్కడా లేదు. కొన్నప్పుడు దుకాణంవాళ్ళు మాన్యువల్ ఇవ్వలేదు, తొమ్మిదేళ్ళలో నేనూ అడగలేదు. పక్కనుంచి లారీలు పోతుంటే వ్యాను ఊగుతున్నది. "నాన్నా, అసలు ఈ బండికి స్టెప్నీ ఉందా?" అంది పాప. నాకూ అదే అనుమానం.

చివరికి మిగిలింది పాప కాళ్ళ కింది తొట్టి. మూత తెరిస్తే స్టెప్నీ కనిపించలేదు గాని, నాలుగు కవర్లలో చుట్టి తాడు కట్టిన డబ్బా ఒకటి కనిపించింది. చూడగానే గుర్తుపట్టాను. 2019లో అమ్మ పంపిన ఆవకాయ! ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ నేనే ఎక్కడో వదిలేశానని మా ఆవిడ, పెట్టెలోంచి నువ్వే తీయలేదని నేను, దాని మీద ఒక పండగ పూటంతా మాట్లాడుకోలేదు. మూడేళ్ళుగా వ్యానులో సన్నగా వస్తున్న వెల్లుల్లి వాసనను గుడి పులిహోర మీదికి నెట్టాం. పులిహోరలో వెల్లుల్లి వేయరని ఇద్దరికీ తట్టలేదు.

పికప్ ట్రక్కులో పోతున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి ఆగాడు. ఇలాంటి వ్యానులు నాలుగు వాడానని చెప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో బండి పొట్ట మధ్యకు చూపించాడు. ముందు తలుపుల మధ్య, సరిగ్గా నడిమిలో, వేలాడదీసి ఉంది స్టెప్నీ. సీట్లు తొట్లను ఆక్రమించాక దానికి మిగిలిన చోటు అదే. దింపడం మరో కథ. ముందు సీట్ల మధ్యనున్న కన్సోల్ దగ్గర చిన్న మూత, దాని కింద నట్టు. దాన్ని తిప్పుతుంటే కింద తీగ వదులై, చేద బావిలోకి దిగినట్టు చక్రం దిగుతుంది. ఆ తర్వాత కొక్కెంతో పక్కకు లాక్కోవాలి. మొత్తం గంటన్నర. ముసలాయన డబ్బు తీసుకోలేదు. ఆవకాయ ఇవ్వబోయాను, వాసన చూసి మర్యాదగా వద్దన్నాడు. సన్న చక్రంతో యాభై మైళ్ళ వేగం దాటకుండా ఫిండ్లే చేరాం.

ఆవకాయ తిన్నారా అని అందరూ అడుగుతారు. నేను తిన్నాను. మా ఆవిడ ముట్టలేదు.

ఇప్పుడు మొదట్లో రాసినదానికి కొంత సవరణ. సీటు క్షణంలో మాయమవుతుందన్నాను. ఖాళీ బండిలో అది నిజం. పిల్లల సీటు బిగించి ఉంటే, మూత మీద బురద బూట్లు ఉంటే, తొట్టిలో కొబ్బరికాయలు ఉంటే, ముందు అవన్నీ తీయాలి. పిల్లలున్న ఇంట్లో అవి ఎప్పుడూ ఉంటాయి. జంతికల ముక్కలు మూత అంచుల్లో ఇరుక్కుంటే వాక్యూమ్ కూడా లాగలేదు, అగరుబత్తి పుల్లతో తీయాల్సిందే. నేలలో ఒదగాల్సిన సీటు సోఫాలా మెత్తగా ఉండాలంటే కుదరదు, పలచగానే ఉంటుంది. షికాగో వెళ్ళి వచ్చాక మా మామగారు, "అల్లుడుగారూ, ఈ సీటు నేలలో ఉన్నప్పుడే బాగుంది" అన్నారు. ఆయన నడుము నొప్పి పాతదే, మాట మాత్రం పూర్తిగా తప్పు కాదు.

మరో ఇబ్బంది కంపెనీది కాదు, మనవాళ్ళది. నేల చదునుగా ఉన్న వ్యాను మీకుందని తెలిస్తే, చుట్టుపక్కల ఇల్లు మారే ప్రతి తెలుగు కుటుంబమూ మిమ్మల్నే పిలుస్తుంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న చెక్క పలక తలుపు మూసి మరీ పట్టే బండి ఇది. వినాయక చవితి విగ్రహాలు, పెళ్ళి పందిరి స్తంభాలు, వెట్ గ్రైండర్లు, ఒకసారి వీణ. ఫార్గో లారీ మనవడి దాకా వచ్చిందని నాన్న ఫోనులో నవ్వుతారు.

కొనమంటానా? టౌన్ అండ్ కంట్రీ పేరు 2016తో ఆగిపోయింది, ఆ స్థానంలో పసిఫికా వచ్చింది. పేర్లు చెరిపేయడం ఈ కంపెనీకి అలవాటే. డిసోటో 1960లో పోయింది, ప్లిమత్ 2001లో. కంపెనీ కూడా 1998లో జర్మనీవారి ఒళ్ళోకి, 2009 దివాలా తర్వాత ఇటలీవారి ఒళ్ళోకి, 2021 నుంచి స్టెలాంటిస్ అనే పెద్ద కార్ల కంపెనీలోకి ముడుచుకుంటూ వచ్చింది. ‘300’ అనే సెడాన్ కారు ఆగాక క్రైస్లర్ పేరుతో మిగిలినవి వ్యానులే. పసిఫికా హైబ్రిడ్ చూసి వచ్చాను, నాకు నచ్చింది. కానీ దాని మధ్య వరస సీట్లు నేలలోకి పోవు. ఆ తొట్లలో బ్యాటరీ కూర్చుంది. పెట్రోలు ఆదా కావాలంటే నేల వదులుకోవాలి.

మా ఇంట్లో ఇప్పుడు ముగ్గురమే. అమ్మానాన్నలు ఇక విమానం ఎక్కలేమంటున్నారు. లక్షా అరవై వేల మైళ్ళు తిరిగిన బండి అమ్మేసి చిన్నది కొందామని మా ఆవిడ అంటున్నది, ఆమె మాటలో న్యాయం ఉంది. ఇద్దరు పిల్లలు, వచ్చిపోయే పెద్దలు ఉన్నవారైతే పాత టౌన్ అండ్ కంట్రీ మంచిది దొరికితే చూడండి, స్టెప్నీ ఎక్కడుందో దుకాణంలోనే కిందికి వంగి చూసుకోండి. మాకైతే వసంతంలో అమ్మే ఆలోచన. ఈ శనివారం మాత్రం కుదరదు. కాంటన్‌లో ఎవరో ఇల్లు మారుతున్నారు, సీట్లు మడిచి ఉంచాను.