ఓల్నీలో కూపర్ ఇల్లు: అమ్మని తీసుకెళ్లిన మ్యూజియం

పోయిన జూన్‌లో అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు లండన్ అంతా తిప్పాను. చూసింది, బాగుందంది, మోకాళ్లు పట్టేశాయంది. కానీ ఊరెళ్లాక ఫోన్‌లో చుట్టాలందరికీ చెప్తున్నది ఓల్నీ గురించే. అందుకే ఈ రివ్యూ.

ఓల్నీ మేముండే మిల్టన్ కీన్స్‌కి దగ్గర్లో చిన్న ఊరు. ఒకప్పుడు చేత్తో లేసు అల్లడానికి పేరు. మార్కెట్ ప్లేస్‌లో ఎర్ర ఇటుకల పాత మేడ ఉంటుంది, పేరు ఆర్చర్డ్ సైడ్. విలియం కూపర్ అనే కవి 1768 నుంచి 1786 దాకా అందులో ఉన్నాడు. ఆయన పోయిన నూరేళ్లకి, 1900లో, దాన్ని మ్యూజియం చేశారు. పేరు కూపర్ అండ్ న్యూటన్ మ్యూజియం. మా కాలేజీలో ఆయన్ని కౌపర్ అనేవాళ్లు. ఇక్కడ అందరూ కూపర్ అనే పలుకుతారు.

న్యూటన్ అంటే ఆపిల్ న్యూటన్ కాదు. జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసల్ని మోసే ఓడకి కెప్టెన్, తర్వాత ఈ ఊరి చర్చిలో పాస్టర్. ‘అమేజింగ్ గ్రేస్’ ఆయన రాసిందే, ఈ ఊళ్లోనే. ఆ పాట అమ్మకి నోటికొచ్చు. అది పుట్టిన ఊరు చూపిస్తానంటేనే బయల్దేరింది. న్యూటన్, కూపర్ రాసిన పాటలతో 1779లో ‘ఓల్నీ హిమ్స్’ అని పుస్తకం వచ్చింది. మొత్తం 348 పాటలు, అందులో అరవై పైచిలుకు కూపర్‌వి.

లోపల కూపర్ వాడిన గదులు, ఉత్తరాలు, వస్తువులు, న్యూటన్ గురించి విడిగా కొంత భాగం, లేసు అల్లిక నమూనాలు ఉన్నాయి. లేసు దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. పెద్ద స్క్రీన్లు, సౌండ్ షోలు కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు. ఇది ఒక మనిషి బతికిన ఇల్లు, అలాగే చూడాలి.

నేను మెంటల్ హెల్త్ వార్డులో నర్సుని. కాబట్టి నా కళ్లు వేరే చోట ఆగాయి. కూపర్‌కి ఆరేళ్లు నిండకముందే తల్లి చనిపోయింది. లా చదివాడు. 1763లో పార్లమెంటులో ఒక ఉద్యోగం వచ్చేలా ఉంటే, దానికి అందరి ముందూ పరీక్ష ఇవ్వాలన్న టెన్షన్‌తో ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లో డాక్టర్ కాటన్ నడిపే మానసిక వైద్యశాలలో కోలుకున్నాడు. తర్వాత అన్విన్ అనే కుటుంబం ఆయన్ని సొంతమనిషిలా చేరదీసింది. ఆ ఇంటాయన చనిపోయాక ఆయన భార్య మేరీ అన్విన్‌తో పాటు కూపర్ కూడా ఓల్నీ వచ్చేశాడు. పాటల్లో చాలా వరకు రాసింది ఇక్కడే.

1773 మొదట్లో జబ్బు తిరగబెట్టింది. ఒక రాత్రి కలలో ‘నీ పని అయిపోయింది, నువ్వు నశించావు’ అని లాటిన్‌లో వినిపించింది. దేవుడు తనని వదిలేశాడని ఆ రోజు నమ్మాడు, 1800లో చనిపోయే దాకా నమ్ముతూనే ఉన్నాడు. మళ్లీ చర్చికి వెళ్లలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో న్యూటన్ దంపతులు ఆయన్ని తమ ఇంట్లో పెట్టుకుని ఏడాదికి పైగా చూసుకున్నారు. వార్డులో పన్నెండు గంటల షిఫ్ట్ చేస్తేనే నా నడుం విరుగుతుంది. వాళ్లది ఏడాదికి పైగా సాగిన డ్యూటీ.

ఇదంతా అమ్మకి తెలుగులో చెప్తూ నడుస్తున్నా. చర్చి మానేశాడు అనగానే ఆగిపోయింది. నాన్న పోయాక అమ్మ కూడా రెండేళ్లు చర్చికి వెళ్లలేకపోయింది. పొద్దున లేచి చీర కట్టుకునేది, మళ్లీ మంచం మీద కూర్చుండిపోయేది. పరామర్శకి వచ్చినవాళ్లు ‘విశ్వాసం తగ్గింది’ అని ఆవిడ ముందే అన్నారు. నేను అప్పుడు ఇక్కడున్నాను, ఫోన్‌లో మాత్రలు వేసుకో అని చెప్పడం తప్ప ఏం చేయలేకపోయాను.

“ఆయన చర్చికి రావడం మానేశాక ఆయన పాటలు తీసేశారా?” అని అడిగింది. అక్కడున్న వాలంటీరు పెద్దావిడని నేను ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన మానేసిన ఆరేళ్ల తర్వాత వచ్చిన పుస్తకం అది, న్యూటనే దగ్గరుండి వేయించాడు, కూపర్ పాటలన్నీ ఉన్నాయి అని చెప్పింది. వాటిలో ‘గాడ్ మూవ్స్ ఇన్ ఎ మిస్టీరియస్ వే’ కూడా ఉంది. ఆ రెండో జబ్బు కమ్ముకొచ్చే ముందు రాసిందంటారు. మీరు చూసి భయపడే ఆ మబ్బులు కనికరంతో నిండి ఉన్నాయి, అవి మీ మీద దీవెనగా కురుస్తాయి అని ఒక చరణం. అమ్మ నా చేత రెండుసార్లు చెప్పించుకుంది.

తర్వాత చెవులపిల్లుల కథ. 1774లో, ఇంకా పూర్తిగా తేరుకోకముందే, ఎవరో ఒక పిల్లని తెచ్చిస్తే పెంచడం మొదలుపెట్టాడు. చివరికి మూడింటిని ఉంచుకున్నాడు: పస్, టైనీ, బెస్. పేర్లు ఆడవి, మూడూ మగవే. వాటి పెట్టెలు తనే చెక్కతో చేశాడు. టైనీ ఎన్నడూ మచ్చిక కాలేదు, దగ్గరికెళ్తే ముందుకాళ్లతో కొట్టేది. పస్ అలా కాదు. ఒకసారి దానికి మూడు రోజులు ఒంట్లో బాగాలేకపోతే కూపర్ దగ్గరుండి చూసుకున్నాడు. తగ్గాక అది ఆయన చెయ్యి నాకింది: ముందు వెనకవైపు, తర్వాత అరచెయ్యి, తర్వాత ఒక్కో వేలు, వేళ్ల సందులు కూడా, ఎక్కడా వదలకుండా. తోటలోకి వెళ్లాలనిపిస్తే ఆయన మోకాలి మీద తప్పెట కొట్టినట్టు కొట్టేది. అర్థం కాకపోతే కోటు అంచు పళ్లతో పట్టుకుని లాగేది. ఇవన్నీ ఆయనే 1784లో ఒక పత్రికకి రాశాడు. మేం వార్డులో పేషెంట్లకి తోటపని, చెక్కపని పెడతాం. ఈయన ఎవరూ చెప్పకుండానే ఆ దారి పట్టాడు.

తోట చివర ఒక బుల్లి గది ఉంది, సమ్మర్ హౌస్. అంతకుముందు ఒక మందులాయన పొగ తాగడానికి వాడుకునేవాడట, నేల కింద గుంటలో సీసాలు దాచేవాడట. కూపర్ అందులో చాపలు పరిచి, ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని ఎండాకాలమంతా అక్కడే రాసేవాడు. లోపల గోడల మీద, పైకప్పు మీద పాతకాలం సందర్శకులు రాసిపోయిన పేర్లు కనిపిస్తాయి. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూస్తూ, “రెండో కుర్చీ ఎవరికే?” అంది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. నేను ఇంకా ఆలోచిస్తుండగానే, “ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవాళ్లులే” అని తనే అంది.

బానిసత్వానికి వ్యతిరేకంగా 1788లో ఆయన రాసిన కవిత గురించి, గ్రీకు కవి హోమర్‌కి ఆయన చేసిన అనువాదం గురించి కూడా చదువుకోవచ్చు. నాకు అంత టైమ్ మిగల్లేదు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. రోజూ తెరిచి ఉండదు, తెరిచే రోజులు వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. పాత ఇల్లు కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లెక్కేటప్పుడు నిదానంగా వెళ్లాలి. వాలంటీర్లని ఏదైనా అడగండి, తొందరలేకుండా చెప్తారు. తోటకి గంటైనా ఉంచుకోండి. మేం అక్కడే పొద్దుపోగొట్టి చర్చి చూడలేకపోయాం. న్యూటన్ సమాధి ఆ చర్చి ఆవరణలోనే ఉంది, 1893లో ఆయన అవశేషాల్ని లండన్ నుంచి తెచ్చి అక్కడ పెట్టారు. ఈసారి వచ్చినప్పుడు ముందు అక్కడికే తీసుకెళ్లమంది అమ్మ.