అభిలేఖ్ పటల్: 1948 నాటి హైదరాబాద్ చరిత్ర చదివేవారికి ఏ మేరకు పనికొస్తుంది?

జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి అభిలేఖ్ పటల్ పోర్టల్ 2015 మార్చి 11న మొదలైంది. ఢిల్లీ వెళ్లి జనపథ్‌లోని పఠన మందిరంలో కూర్చుంటే తప్ప కనబడని ప్రభుత్వ ఫైళ్లు ఎన్నో ఇప్పుడు వరంగల్‌లోనో గుంటూరులోనో ఉన్న విద్యార్థి తెర మీదకు వస్తున్నాయి. ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే చాలు, ఫైలు చదవడానికి రుసుము లేదు. సమకాలీన చరిత్ర చదివేవారికి ఇంతకన్నా పెద్ద సాయం ఈ మధ్యకాలంలో రాలేదని మా అభిప్రాయం. అయినా 5కి 3.5 మాత్రమే ఇస్తున్నాం. సరుకు గొప్పదే, వెతుకులాట మాత్రం కష్టం.

పరీక్షకు తీసుకున్న అంశం 1946-51 నాటి హైదరాబాద్ సంస్థానం: తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం, రజాకార్లు, 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు సాగిన పోలీసు చర్య (భారత సైనిక చర్య), ఆ తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక పాలన.

చాలామంది చేసే మొదటి పని వెతుకుపెట్టెలో ‘తెలంగాణ సాయుధ పోరాటం’ అని ఇంగ్లీషులో కొట్టడం. ఫలితాలు నిరాశపరుస్తాయి. కారణం తేలికే. వెతుకుపెట్టె చూసేది కేటలాగులో ఉన్న ఫైలు శీర్షికను, లోపలి పేజీలను కాదు. ఆ శీర్షిక పెట్టినవాడు 1948లో ఢిల్లీ సచివాలయంలో పనిచేసిన గుమాస్తా. అతని దృష్టిలో అది పోరాటం కాదు, ‘కమ్యూనిస్టు కార్యకలాపాలు’, ‘శాంతిభద్రతలు’, ‘అలజడులు’, ‘సరిహద్దు దాడులు’. కాబట్టి గుమాస్తా వాడే మాటలతోనే వెతకాలి. పోలీసు చర్య అన్న మాటతోనూ ఆగకండి; ఆ నెలల ఫైళ్లకు ‘హైదరాబాద్ పరిస్థితి’ లాంటి చప్పిడి శీర్షికలూ ఉంటాయి.

స్పెల్లింగు ఇంకో అడ్డంకి. తెలంగాణను టెలింగానా, తెలెంగానా అని రకరకాలుగా రాశారు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ పేరు ఒకచోట ‘కె’ అక్షరంతో, మరోచోట ‘క్యూ’తో మొదలవుతుంది. విజయవాడ అని వెతికితే లాభం లేదు, బెజవాడ అనాలి. విశాఖకు విజాగపటం, కాకినాడకు కోకనాడ. ఒక్కో పేరుకు రెండు మూడు రూపాలు ముందే కాగితం మీద రాసుకుని వరుసగా ప్రయత్నించడం మంచిది.

ఇంతకన్నా మెరుగైన దారి ఉంది. మాటతో కాకుండా శాఖతో మొదలుపెట్టండి. సంస్థానాల వ్యవహారాలు చూసినది మినిస్ట్రీ ఆఫ్ స్టేట్స్. ముందు ఆ శాఖను ఎంచుకుని, సంవత్సరం 1947 నుంచి 1951 దాకా ఒక్కొక్కటిగా పెట్టి, హైదరాబాద్ అన్న ఒక్క మాటతో వడకట్టాలి. వచ్చిన జాబితాను ఓపికగా మొదటి నుంచి చివరిదాకా చదవాలి. జాగీర్ల రద్దు (1949), కౌలుదారీ చట్టం (1950), శరణార్థులు, సైనిక పాలన ఖర్చులు వంటి వాటిలో మీరు ఊహించని ఫైళ్లు ఇలాగే దొరుకుతాయి. ఆ తర్వాత హోం శాఖ రాజకీయ విభాగంలోకి వెళ్లండి. రాష్ట్రాల నుంచి నెలకు రెండుసార్లు వచ్చిన పక్ష నివేదికలు అక్కడ ఉంటాయి. కృష్ణా జిల్లా సరిహద్దు గ్రామాల్లో ఏం జరిగిందో మద్రాసు ప్రభుత్వం ఎలా చెప్పుకుందో తెలియాలంటే ఇవే ఆధారం.

ఫైలు తెరిచాక నోట్స్ భాగాన్ని, ఉత్తరాల భాగాన్ని వేరుచేసి చూడాలి. తొందరలో చాలామంది ఉత్తరాలు చదివి ఆగిపోతారు. అసలు విషయం నోట్స్‌లోనే ఉంటుంది: ఒక అధికారి ఏం సూచించాడు, పైవాడు ఏం కొట్టేశాడు, నిర్ణయం ఎక్కడ మారింది. చేతిరాత, పొడి అక్షరాల సంతకాలు ఇబ్బంది పెడతాయి. ఒక ఫైలులో హోదాతో సహా సంతకం దొరికితే దాన్ని గుర్తుపెట్టుకుని మిగతావాటిలో పోల్చుకోవచ్చు. ప్రతి సంఘటనకూ మూడు తేదీలు రాసుకోండి: జరిగిన రోజు, కింది నుంచి నివేదిక వచ్చిన రోజు, ఢిల్లీలో నోటు రాసిన రోజు. ఈ మూడూ కలిసిపోతే, తెలియక చేసిన పనిని తెలిసి చేసినట్టు రాసే ప్రమాదం ఉంది.

నిజాం ప్రభుత్వ కాగితాలతో కలిపి చదివేటప్పుడు ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) లెక్క తప్పుతుంది. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందన్నది సగం నిజం. ఆంధ్ర ప్రాంతపు రెవెన్యూ ఫసలీ జులైలో మొదలైతే, నిజాం ఫసలీ ఆజూర్ నెలతో అక్టోబర్‌లో మొదలవుతుంది. అంటే 1357 ఫసలీ 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా నడుస్తుంది. పోలీసు చర్య దాని చివర్లో పడుతుంది. ఆంధ్ర ప్రాంతపు అడంగల్ (గ్రామ భూమి లెక్కల పుస్తకం) అలవాటున్నవారు ఇక్కడ మూడు నెలలు పక్కకు జరుగుతారు. నిజాం ప్రభుత్వపు ఉర్దూ దస్త్రాలకు మాత్రం ఈ పోర్టల్ చాలదు, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్లాల్సిందే.

పోర్టల్ అసలు లోటు వేరే ఉంది. కేటలాగులో పేరున్న ప్రతి ఫైలూ స్కాన్ కాలేదు. పేరు కనబడి పేజీలు లేకపోతే సంఖ్య రాసుకుని ఢిల్లీలో అడగాలి. అక్కడ కూడా ఫైలు కోరుతూ మీరిచ్చిన చీటీ మీద ‘ఎన్‌టీ’ (నాట్ ట్రాన్స్‌ఫర్డ్) అని తిరిగి రావచ్చు. ఆ ఫైలును శాఖ అభిలేఖాగారానికి అప్పగించలేదని దాని అర్థం. 1993 ప్రభుత్వ దస్త్రాల చట్టం, దాని నియమాల ప్రకారం 25 ఏళ్లు దాటిన శాశ్వత దస్త్రాలు అప్పగించాలి. ఆచరణ అలా లేదు. అందుకే 1960ల తర్వాతి కాలానికి వచ్చేసరికి జాబితా పలచబడుతుంది. జై ఆంధ్ర, ఎమర్జెన్సీ, నక్సల్బరీ మీద పనిచేసేవారు దీన్నే నమ్ముకోకూడదు.

ఇక్కడ దొరకలేదు కాబట్టి అసలు లేదనుకోవడం మరీ పెద్ద పొరపాటు. 1948 చివర్లో హైదరాబాద్ పర్యటించిన పండిట్ సుందర్‌లాల్ బృందం నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించలేదు. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారన్న అంచనా అందులో ఉంది. 2013 నాటికి అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదవడానికి దొరికింది. ప్రభుత్వం దాచినది ప్రభుత్వ కేటలాగులో తేలిగ్గా తేలదు.

ఈ ఫైళ్లలో గ్రామం మాట్లాడదు, గ్రామం గురించి అధికారి మాట్లాడతాడు. ‘సంఘం’లో (ఆంధ్ర మహాసభలో) పనిచేసిన స్త్రీలు, వెట్టి చేసిన కులాలు అందులో ఉంటే నిందితుల జాబితాలో పేరుగా ఉంటారు, లేకపోతే ఉండరు. అందుకే ఒక్కో ఫైలుకు ఎదురుగా అదే వారపు గోలకొండ పత్రిక, కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక సంచికలు పెట్టుకుని చదవాలి. ఉద్యమకారుల వాంగ్మూలాలు వాడితే అవి ఏ సంవత్సరంలో రికార్డయ్యాయో తప్పక రాయాలి; 1980లలో చెప్పిన జ్ఞాపకం 1948 నాటి సాక్ష్యంతో సమానం కాదు, కానీ ఫైలు ఎన్నడూ చెప్పని సంగతి చెబుతుంది.

చివరగా, ఉల్లేఖించేటప్పుడు లింకు ఒక్కటే ఇవ్వకండి. పోర్టల్ రూపు మారితే లింకులు చెడిపోతాయి. శాఖ, విభాగం, ఫైలు సంఖ్య, సంవత్సరం, పేజీ, వాటితోపాటు ‘పీఆర్’తో మొదలయ్యే గుర్తింపు సంఖ్య రాస్తే మీ తర్వాత చదివేవారు ఢిల్లీలోనైనా తెర మీదైనా అదే కాగితం దగ్గరికి చేరగలరు.