పానగల్ కట్ట మీద అస్తమయానికి అయిదు వందలా?

నల్లగొండ పక్కనున్న పానగల్ చెరువుకట్ట మీద సూర్యాస్తమయం ఫొటో తీసుకోవడానికి సరైన రసీదు లేకుండా ఎవరు డబ్బు అడిగినా ఇవ్వకండి. ముందు ఈ మాట చెప్పాకే మిగతా సంగతి. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

హైదరాబాద్ నుంచి ప్రయాణం సాఫీగానే సాగింది. నల్లగొండ బస్టాండు నుంచి పానగల్‌కు ఆటో 150 రూపాయలు. అక్క, బావ, నేను, నా ట్రైపాడు. పొద్దు ఇంకా ఉండటంతో ముందు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాం. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల నాటి త్రికూటాలయం అది, అంటే మూడు గర్భగుళ్ల గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ నిలువుగా పడుతుంది. బయట ఎండ జరుగుతున్నా ఆ నీడ జరగదు. మండపంలో స్తంభాలు నిలిపిన తీరులోనే ఉంది కిటుకంతా. అక్కడున్న ఒక పెద్దాయన మేం అడగకుండానే వచ్చి, ఎక్కడ నిలబడితే నీడ స్పష్టంగా కనిపిస్తుందో చూపించారు. అక్క 50 రూపాయలు ఇవ్వబోతే, "హుండీలో వెయ్యమ్మా" అన్నారు. ఆ మర్యాద ఎంత విలువైనదో కాసేపటికే తెలిసింది.

కట్ట ఎక్కామో లేదో, కుర్చీలో కూర్చున్న ఒకతను లేచి వచ్చి, "కెమెరాకు 500 కట్టాలి సార్" అన్నాడు. పక్కనే జనం ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. "వాళ్లకు లేదా?" అంటే, "అవి ఫోన్లు కదా సార్, మీది పెద్ద కెమెరా" అని జవాబు. బావ రసీదు అడిగాడు. అతను జేబులోంచి తీసిన పుస్తకం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అది ఏదో జాతరలో సైకిల్ స్టాండు కోసం అచ్చువేసిన రసీదు పుస్తకం! పది రూపాయలు అని అచ్చులో ఉన్నచోట నీలం పెన్నుతో కొట్టేసి 500 అని రాసుకున్నాడు. ముద్ర లేదు, సంతకం లేదు. ఎవరి తరఫున వసూలు చేస్తున్నావంటే నోరు మెదపలేదు గానీ, రేటు మాత్రం 300కు, ఆ వెంటనే 200కు దిగింది. నిజమైన రుసుములో బేరం ఎక్కడైనా ఉంటుందా?

ఈ పానగల్ చెరువు పేరే ఉదయ సముద్రం. ఇది ఎలాంటి చెరువో తెలిస్తే నా బాధ అర్థమవుతుంది. కందూరు చోడుల కాలం నుంచి ఉన్న చెరువు ఇప్పుడు 1.5 టీఎంసీల జలాశయం. సాగర్ నీళ్లను పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తి, కాలువల మీదుగా ఇక్కడిదాకా తెస్తారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి జనం ఎముకలు వంగిపోయిన జిల్లాకు ప్రజల సొమ్ముతో తెచ్చిన కృష్ణమ్మ ఇది. ఆమెను చూడటానికి వచ్చినవాళ్లకు సైకిల్ స్టాండు చీటీ చింపుతారా?

వాదన తెగేసరికి మంచి ఎండ కాస్తా పోయింది. "ఆ డబ్బులేవో ఇచ్చెయ్యరాదా, గొడవ పడటానికా వచ్చింది?" అని విసుక్కుంటూ అక్క దూరంగా పోయి కూర్చుంది. బావ పోలీసులకు ఫోన్ చేస్తానని సెల్ తీశాకే అతను కుర్చీ మడిచి కదిలాడు.

ఇక ఫొటోల సంగతి. కట్ట ఎక్కినచోటే ఆగిపోవద్దు. మనకూ సూర్యుడికీ మధ్య నీళ్లు వచ్చేదాకా నడవాలి. సూర్యుడు మునగగానే అందరూ బట్టలు దులుపుకుని వెళ్లిపోతారు, మీరు మాత్రం కదలవద్దు. అసలు రంగులు ఆ తర్వాత పావుగంటలోనే విచ్చుకుంటాయి. మేం అలా నిలబడి ఉండగానే ఒక జాలరి థర్మాకోల్ తెప్ప మీద వల లాగుతూ సరిగ్గా ఆ ఎరుపులోకి వచ్చాడు. వెలుగును ఆకాశానికి సరిపెట్టి తీశాను. మనిషి, తెప్ప నల్లగా వచ్చారు, వల నుంచి కారే నీటి చుక్కలు మాత్రం ఒక్కొక్కటీ రాగి రంగులో మెరిశాయి. ఒడ్డుకొచ్చాక తెరమీద చూపిస్తే చాలాసేపు చూసి, "మా పిల్లలకు పంపుతారా సార్?" అని నంబరు చెప్పాడు. అక్కడికక్కడే పంపించాను. ఆ సాయంత్రం నాకు దక్కిన మంచి ఫొటో అదే.

తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి. చీకటి పడ్డాక ఒక్కటీ దొరక్క చాలాసేపు నిలబడ్డాం, చివరికి 250 ఇచ్చుకున్నాం. దోమలు కూడా విపరీతం. లాడ్జి గది 1,100, పర్వాలేదు.

రాత్రి తిండికి పెద్ద హోటళ్లు వెతక్కండి. మా లాడ్జి సందు చివర ఒకామె కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తుంది. అరచేతులతో తట్టి పెనం మీద వేసి, తడిబట్టతో తుడిచి, వేడివేడిగా పళ్లెంలోకి. రొట్టె 20 రూపాయలు, పప్పు, పల్లీల పచ్చడి ఎంత వేసుకున్నా అందులోనే. అలిగిన అక్క మూడు తిని, నాలుగోది బావతో పంచుకుంది. ఎనిమిదింటికల్లా వెళ్లండి, తొమ్మిది దాటితే పప్పు ఉండదు.